త్రివేణి పిలిస్తే పలకని కంప్యూటరు

త్రివేణి కుర్చీలో కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. కంబదూరు రైతు సంఘం ఆఫీసులో ఆమెకు మంచి కుర్చీయే ఇచ్చారు, చేతులున్నది, చక్రాలున్నది. దాని అంచున కాస్త ఆనుకుని, రెండు మీటలు నొక్కి, లేచి కిటికీ దాకా పోయి, మళ్లీ వచ్చి ఇంకో మీట నొక్కేది. టీ నిలబడే తాగేది. సెల్‌ఫోను మాట్లాడుతూ గోడౌను చుట్టూ తిరిగేది. "కాలుగాలిన పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు కాలు మానుతుంది, నీకు మానదేమమ్మా" అనేవాణ్ణి. "మానితే పనెట్ల జరుగుతాది సార్" అనేది, నడుస్తూనే.

నా పేరు హనుమంతరాయుడు. ఈ ఊరి పిల్లలకు ఎక్కాలు చెప్పి రిటైరైన హెడ్మాస్టర్ని. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది, నిజమే. పేపరు రోజూ సంఘం ఆఫీసుకు వస్తుంది కాబట్టి నేనూ అక్కడికే వస్తాను. ఆ బెంచీ మీద కూర్చుని చూసింది, విన్నది రాస్తున్నాను. కంప్యూటర్ల సంగతి నాకు తెలిసిందల్లా త్రివేణి చెప్పిందే. అందులో తప్పుంటే వెళ్లి ఆమెనే అడగండి. నిలబడి వినే ఓపిక ఉంటే చెబుతుంది.

ఆమెది ధర్మవరం. నాయన జయరాముడు పట్టుచీరలు నేసేవాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చోమంటే ఆ పిల్ల కూర్చునేది కాదట. ఇంట్లో అందరికన్నా ముందు తెగిన పోగు కనిపెట్టేది, అతికేది, ఆ వెంటనే వీధిలోకి పరుగు. ఇది మగ్గానికి పనికిరాదని ఆయన విసిగిపోయి కంప్యూటరు కోర్సులో చేర్పించాడు. అక్కడ నేర్పిన విష్ణువర్ధన్ అనే అబ్బాయి తర్వాత బెంగుళూరు ఉద్యోగానికి పోయాడు. త్రివేణి కళ్యాణదుర్గం, కంబదూరు మధ్య షేర్ ఆటో నడిపే ఓబిలేష్‌ను చేసుకుని మా ఊరొచ్చింది. రోజంతా తిరిగేవాడికి తిరిగే పెళ్లామే దొరికిందని ఊళ్లో నవ్వుకున్నారు.

మా సంఘం పనేమిటో చెప్పాలి. ఇక్కడ వేరుశనగ తప్ప చెప్పుకోదగ్గ పంట లేదు, దానికి వాన తప్ప వేరే నీళ్లు లేవు. పంటయ్యాక మంచి కాయ ఏరి విత్తనానికి దాచుకోవాలి. ఇంట్లో దాచితే సగం ఎలుకలు తింటాయి, మిగతా సగం ఎండాకాలంలో ఏ ఆసుపత్రి ఖర్చుకో మనమే అమ్ముకుంటాం. అందుకని చుట్టుపక్కల రైతులం కలిసి గోడౌను కట్టుకుని ఎవరి కాయలు వాళ్లవిగా మూటలు కట్టి అందులో పెడతాం. వాన పడి నేల తడిసిందంటే అందరం పరుగెత్తుకొచ్చి మూటలు తీసుకుని, ముంగిట్లో ఆయిలింజను మీద నడిచే మిషనులో కాయలు ఒలిపించుకుని చేనికి పోతాం. ముందే ఒలిచి పెట్టుకుంటే విత్తనంలో జీవం పోతుంది. ఆలస్యంగా ఒలిస్తే నేలలో పదును పోతుంది. మా ఎర్రనేలలో, మా గాలికి, ఆ తడి రెండు మూడు రోజులు నిలిస్తే గొప్ప.

మూటల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. పేర్లున్న కాలంలో అప్పటి సెక్రటరీ చుట్టాల మూటలు పొడిగా ఉండే మూలకు, మా బోటివాళ్లవి కప్పు కారే మూలకు పోయేవి. కొట్లాటలై, తలలు పగిలి, చివరికి కంప్యూటరు తెచ్చుకున్నాం. అది నంబరు వేస్తుంది, వరస చెబుతుంది. ఏ మూట ఎవరిదో దానికొక్కదానికే తెలుసు. కంప్యూటరుకు చుట్టాలు లేరు కదా.

ఆ పాత కంప్యూటరు మీద పిడుగు పడింది. సరిగ్గా చెప్పాలంటే ఊరి చివర ఫోను స్తంభం మీద పడి, తీగ వెంట వచ్చి, మోడెం దాటి దాని గుండెల్లో దిగింది. గదంతా కాలిన వాసన. కొత్త మోడెం, కొత్త కంప్యూటరు కొన్నాం. లెక్కల కాపీ త్రివేణి అంతకుముందే తీసి ఇంట్లో పెట్టుకోవడంతో అవి మిగిలాయి. కానీ ఆ లెక్కలు చదివే పాత ప్రోగ్రాము కొత్త కంప్యూటరులో నడవనని మొండికేసింది. దాన్ని రాసినవాడు ఏ ఊళ్లో ఉన్నాడో ఎవరికీ తెలియదు. అప్పుడు విష్ణువర్ధన్ ఉగాది సెలవులకు వచ్చి ఒక ఉపాయం చేసిపోయాడు. కొత్త కంప్యూటరు లోపల, ఉత్త ప్రోగ్రాముతోనే, ఇంకో పాత కంప్యూటరును పుట్టించాడు. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారట. తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది, ఆ కిటికీలో మన పాత కంప్యూటరు మళ్లీ బతికొచ్చినట్లు కనిపిస్తుంది.

"అంటే దీని కడుపులో ఇంగోటి ఉండాదంటావు" అన్నాడు మా సెక్రటరీ అంజినప్ప. "ఇప్పుడు దీనికి ఎన్నో నెల పాపా?"

త్రివేణి నవ్వలేదు. ఆమె భయం ఆమెది. ఒకసారి పిడుగు చూసింది కాబట్టి లెక్కల్ని ఆ కడుపులోని కంప్యూటరుకు అప్పజెప్పలేదు. లెక్కలు బయటి కంప్యూటరులో పెట్టింది, రోజూ కాపీ తీసుకోవడానికి వీలుగా. వాటిని చదివే ప్రోగ్రాము లోపలి కంప్యూటరులో ఉంది. అది లెక్క కావలసినప్పుడల్లా బయటిదాన్ని అడగాలి, బయటిది ఇవ్వాలి. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటేనే మూట బయటికొస్తుంది.

మాట్లాడుకుంటున్నాయో లేదో తెలుసుకోవడానికి పింగ్ అని ఒకటుంది. లోపలి దాన్నుంచి బయటిదాన్ని పిలవడం. "ఏమప్పా ఉండావా?" అని ఇది అరుస్తుంది, "ఉండా" అని అది పలుకుతుంది. పలికితే తెర మీద వరసగా అంకెలు పడతాయి. పలకకపోతే కాసేపు చూసి, టైమైపోయిందని ఇంగ్లీషులో ఒక ముక్క రాస్తుంది. ఈ మాత్రం నాకు కూడా అర్థమైంది. ఊళ్లో మనుషులు సందు మలుపులో ఒకర్నొకరు పిలుచుకునేదీ ఇంతే.

ఇక వైరు సంగతి. పిడుగు పడ్డ తర్వాత మా వీధికి కొత్త ఆచారం ఒకటి వచ్చింది. మబ్బు పట్టిందంటే చాలు, ప్రతి ఇంట్లో టీవీ తీగ పీకుతారు, ఫోను తీగ పీకుతారు. దండెం మీద బట్టలు తీసినట్లు, ఎవరూ చెప్పక్కర్లేదు, చేయి దానంతటదే పోతుంది. సంఘంలో ఫోను తీగ పీకడానికి మాత్రం వీల్లేదు. ఫోనూ మోడెమూ రెండూ అంజినప్ప గదిలో చెక్కపెట్టెలో ఉంటాయి, పెట్టెకు తాళం, తాళంచెవి అంజినప్ప మొలతాడుకు. ఒకప్పుడు వచ్చినవాడల్లా సంఘం ఫోనులో బెంగుళూరికీ బళ్లారికీ మాట్లాడి పోయేవాడు, ఆ మంటతో చేసిన ఏర్పాటు అది. అందుకని త్రివేణి తన వైపు కొస పీకేది. మోడెం నుంచి వచ్చి కంప్యూటరు వెనక గుచ్చుకునే నీలం వైరుంది కదా, అది. నెట్టు పోతుంది, పోనీ. ఆఫీసులో ఇన్వర్టరు ఉంది కాబట్టి కరెంటు పోయినా కంప్యూటరూ మోడెమూ నడుస్తాయి. మూటల లెక్కకు నెట్టుతో పనేముంది? లోపలిదీ బయటిదీ రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి.

ఎండాకాలం చివర మొదటి మబ్బు వచ్చింది. గాలిదుమారం లేచింది, నాలుగు చినుకులు పడ్డాయి. త్రివేణి ఏదో మూట వరస చూద్దామని ప్రోగ్రాము తెరిస్తే, ఫైలు దొరకలేదని తెర మీద పడింది. పింగ్ కొట్టింది. పలకలేదు. మళ్లీ కొట్టింది. పలకలేదు. లేచి కిటికీ దాకా పోయి వచ్చింది, పలకలేదు.

ఫైర్‌వాల్ అని ఒక కావలివాడుంటాడట, బయటినుంచి వచ్చే పిలుపులను అడ్డుకునేవాడు. వాణ్ణి తీసేసింది. అప్పటికీ పలకలేదు. ఇంతలో గాలి మబ్బును కుందుర్పి వైపు తోలుకుపోయింది, ఎండ కాసింది, ఆమె వైరు మళ్లీ గుచ్చి టీకి పోయింది. వచ్చి చూస్తే ప్రోగ్రాము తెరుచుకుంది. "కావలోడే సార్ తప్పు చేసినాడు" అని నాతో అంది, చాలా సంతోషంగా.

ఇంకోసారి మబ్బు పట్టినప్పుడు మళ్లీ మూగబోయింది. కావలివాడు లేడు, ఇంకెవరిది తప్పు? రెండు కంప్యూటర్లకూ ఇంటి నంబర్ల లాంటివి ఉంటాయి, అవి మార్చింది. మబ్బు తేలిపోయింది, పని చేసింది. నంబర్లదే తప్పని తేల్చింది. మూడోసారి లోపలి కంప్యూటరునే మొత్తం తీసేసి, విష్ణువర్ధన్ చూపించిన తీరులోనే మళ్లీ పుట్టించింది. అదంతా అయ్యేసరికి బయట ఎండ. పలికింది. మా అనంతపురం మబ్బుల సంగతి తెలిసిందే, ఆశ పెట్టడానికి తప్ప వానకు రావు. అవి వచ్చినంత సేపు ఈ పిల్ల అల్లాడేది, అవి పోగానే తన మందే పనిచేసిందనుకునేది.

ఆ తర్వాతి మబ్బుకు అంజినప్ప ఆమెను కుర్చీలోంచి లేపి, ఆంజనేయస్వామికి మొక్కి, కంప్యూటరు ముందు టెంకాయ కొట్టాడు. నీళ్లు కీబోర్డు మీద పడకుండా ఆమె తన కొంగు అడ్డం పెట్టింది. కాసేపటికి ఎండొచ్చింది, కంప్యూటరు పలికింది. "సూడు, నీ చదువు కంటే నా టెంకాయే మేలు" అన్నాడు అంజినప్ప. న్యాయంగా మాట్లాడితే ఆయన టెంకాయకూ ఆమె ఫైర్‌వాల్‌కూ ఒకే మార్కులు పడాలి.

నవ్వులాటగా ఉన్నది అక్కడితో ఆగిపోయింది. జూన్ సగం గడిచింది. వాన ఎప్పుడైనా పడవచ్చు. పడిన రోజున ఈ డబ్బా మూగబోతే మూటలు బయటికి రావు. అంజినప్ప ఒక పొద్దున నిలదీసి అడిగాడు.

"పాపా, ఉన్నదున్నట్ల చెప్పు. వానొచ్చినపొద్దు ఇది పలుకుతాదా, పలకదా?"

"పలుకుతాదన్నా."

"పలక్కపోతే?"

ఆమె నడక ఆపింది. నాకు గుర్తున్నంతవరకు ఆమె కదలకుండా నిలబడ్డది అదొక్కసారే.

"పలక్కపోతే ఆపొద్దే ఇంటికి పోతా. మీరు ఇంగెవరినన్నా పెట్టుకోండి."

"నువ్వు పోతే మాకు పదునొస్తాదా? అదంతా ఎందుకు, పేర్లు, వరసలు అన్నీ కాగితం మీద దించేయ్. కంప్యూటరు చస్తే చచ్చింది."

"దించను" అంది. "కాగితం మీద పేరొస్తే రేపు మూట మీద కూడా పేరొస్తాదన్నా. మళ్ల కారే మూల ఎవరిదో మీకు తెలుసు, నాకూ తెలుసు. దాని కోసమే కదా ఇది తెచ్చుకునిండేది."

అంజినప్ప మంచివాడే, కానీ తర్వాత వచ్చే సెక్రటరీ ఎలాంటివాడో ఎవరికి తెలుసు? ఆమె మాటలో న్యాయముంది. అయినా నాకు ఒళ్లు మండింది. కప్పు కారే మూలలో తడిసి మొలకెత్తిన మూటలు నావి కూడా ఉండేవి, ఆ సంగతి నాకొకరు చెప్పాలా? కానీ వాన వచ్చాక మూట రాకపోతే, మూల పొడిగా ఉంటేనేం, తడిగా ఉంటేనేం? "మొండితనానికైనా హద్దుండాలి" అని గట్టిగా అరిచాను. ఆమె మళ్లీ నడవడం మొదలుపెట్టింది.

ఆ దినాల్లో ఆమె తిండి కూడా సరిగా తినలేదని ఓబిలేష్ చెప్పాడు. ఆటో స్టాండులో నా దగ్గరికొచ్చి, "సార్, ఇంట్లో కూడా ఉండావా ఉండావా అని గొణుగుతాండాది, నేను ఉండా ఉండా అంటే నిన్నుగాదులే అంటాది" అన్నాడు. నవ్వుతూనే చెప్పాడు గానీ అతని మొహంలో నవ్వు లేదు. అతనూ ఆమెతో పాటు మబ్బు వైపు భయంగా చూడడం మొదలుపెట్టాడు. వానకు భయపడే మనిషిని ఈ సీమలో అప్పటిదాకా నేను చూడలేదు.

జూలైలో వాన పడింది. తెల్లవారుజామున మొదలై, నిలిచి, మళ్లీ పట్టుకుంది. పొద్దెక్కేసరికి కాలువలు పారుతున్నాయి, ఆకాశం ఇంకా ఉరుముతోంది, గోడౌను గేటు దగ్గర జనం. గోనెసంచి తల మీద కప్పుకున్నవాళ్లు, బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు, విత్తే గొర్రు సరిచేసి ఎద్దులను కట్టేసి పరుగెత్తుకొచ్చినవాళ్లు. ఓబులమ్మ అనే ముసలామె తన చేనులో తవ్విన మట్టిగడ్డ చేతిలో పట్టుకుని వచ్చింది. పదును ఎంత లోతుకు దిగిందో అందరికీ చూపిస్తోంది. "జానెడు దిగిండాది! సూడండప్పా, జానెడు!" నా చేను కూడా ఆ వానలోనే తడిసింది. ఆయిలింజను అప్పటికే డగడగమంటోంది, ఒలవడానికి కాయ లేదు.

లోపల త్రివేణి కుర్చీ వెనక నిలబడి ఉంది. తెర మీద అదే ముక్క, ఫైలు దొరకలేదని. పింగ్ కొడుతోంది, పలకడం లేదు. కొడుతోంది, పలకడం లేదు. కావలివాణ్ణి మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. నంబర్లు మార్చింది. కంప్యూటరు ఆర్పి వెలిగించింది. కాగితం ఒక్కటి రాసిపెట్టుకున్నా ఈ గతి పట్టేది కాదు కదా అని నేను లోలోపల తిట్టుకుంటున్నాను. పైకి అనలేకపోయాను, ఆమె మొహం అలా ఉంది.

గేటు దగ్గర ఎర్రన్న అనే రైతు గట్టిగా కేకేశాడు. "తాళం పగలగొట్టి ఎవరికి దొరికింది వాళ్లు తీసుకుందాం పదండప్పా! పదును పోయినంక ఆ లెక్కలు నాక్కుంటామా?" జనం గేటును ఒక నెట్టు నెట్టారు. అంజినప్ప చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

త్రివేణి తన సెల్‌లో విష్ణువర్ధన్‌కు ఫోను చేసింది. గది ఈ కొసనుంచి ఆ కొసకు నడుస్తూ మాట్లాడింది. అతని మాటలు నాకు వినిపించలేదు, ఆమెవే వినిపించాయి.

"పని చేసేటప్పటికీ చేయనప్పటికీ మధ్య నేనేం మార్చినానంటే, ఏం మార్చలేదన్నా... లేదు, దేన్నీ ముట్టుకోలే... ప్రమాణంగా ఏమీ చేయలే, మబ్బు పట్టింది, వానొచ్చింది, అంతే."

ఆమె అబద్ధం చెప్పలేదు. మబ్బు పడితే వైరు పీకడం మా దగ్గర చేసే పనుల్లోకి రాదు. తుమ్మొస్తే చేయి అడ్డం పెట్టుకోవడాన్ని ఎవరైనా పని అంటారా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిందంటే ఇదే.

అవతల అతను విసుక్కున్నట్లున్నాడు. నెట్టు పెట్టు, బెంగుళూరు నుంచి నేనే నీ కంప్యూటరులోకి వచ్చి చూస్తానన్నాడట. ఆమె అదిరిపడింది. "ఉరుముతాండాదన్నా! ఇప్పుడు వైరు పెడితే మళ్ల కాలిపోతాది, లెక్కలు గూడా పోతాయి." అవతల ఇంకేదో అన్నాడు. ఆమె కిటికీలోంచి ఆకాశం చూసింది, గేటు చూసింది. కళ్లు మూసుకుని వైరు గుచ్చింది.

తెర మీద అంకెలు పడటం మొదలైంది. ఒకటి, దాని కింద ఇంకొకటి. ఉండావా, ఉండా. ఉండావా, ఉండా.

"వచ్చింది! అన్నా, నువ్వేం చేసినావు?"

అతను ఇంకా ఏమీ చేయలేదట, కనెక్టే కాలేదట.

సరిగ్గా అప్పుడే నడినెత్తిన ఉరిమింది. గోడౌను రేకులు దడదడలాడాయి. త్రివేణి చేయి కంప్యూటరు వెనక్కి పోయింది, వైరు పీకింది. అది ఆలోచించి చేసింది కాదు, నేను ఎదురుగా ఉండి చూశాను కదా. తెర మీద అంకెలు ఆగిపోయాయి.

ఆమె చేతిలోని వైరు కొసను చూసింది. తెరను చూసింది. మళ్లీ వైరు గుచ్చింది, అంకెలు. పీకింది, లేవు. గుచ్చింది, పీకింది. "సార్," అంది నాతో, "నేనే సార్. ప్రతిసారీ నా చెయ్యే." ఆ పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో నాకు అర్థం కాలేదు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇందులో దాచుకునేదేముంది.

ఒకే డబ్బాలో ఉన్న రెండు కంప్యూటర్లు, మాట్లాడుకోవడానికి వెనక వైరు గుచ్చుకునే చోటికి వస్తున్నాయి. అక్కడ వైరు లేకపోతే ఆ ద్వారం మూసుకుపోతుంది, లోపలివాళ్లు లోపలే, బయటివాళ్లు బయటే. విష్ణువర్ధన్ అలా అమర్చిపెట్టాడు. ఇది నాకు త్రివేణి తర్వాత చెప్పింది. అప్పుడు చెప్పే తీరిక లేదు. వైరు ఉంటే మూటలు వస్తాయి, కానీ ఆ వైరు వెంటే పిడుగూ వస్తుంది. వైరు పీకితే కంప్యూటరు బతుకుతుంది, పదును పోతుంది. ఆమె గదిలో రెండు చుట్లు తిరిగింది. కంప్యూటరు వెనక వంగి, వైరు గుచ్చి, అక్కడ వెలిగిన చిన్న పచ్చ లైటును చూసి, మళ్లీ పీకింది. అక్కడినుంచి వైరు గోడ వెంట ఎటు పోతోందో కళ్లతోనే వెతుక్కుంటూ పోయింది. నాయన మగ్గం మీద పోగు ఎక్కడ తెగిందో చూసుకుంటూ పోయేది కూడా ఇలాగేనేమో. వైరు అంజినప్ప గదిలోకి పోయింది. చెక్కపెట్టె వెనక కంతలోంచి లోపలికి దూరింది.

బయటికి పరుగెత్తింది. వానలోనే గేటు దగ్గరికి పోయి, "అన్నా, ఫోను పెట్టె తాళంచెవి ఇయ్యి" అంది.

అంజినప్ప నోరెళ్లబెట్టాడు. "ఈ రచ్చలో ఎవరికి ఫోను పాపా?"

"ఫోనుకు గాదన్నా. ఆ వైరుకు అవతల మోడెం వెలుగుతా ఉంటే చాలు, మన కంప్యూటరు పలుకుతాది. మోడెముకు అవతల ఫోను తీగ అక్కర్లే. ఆ తీగ పీకితే పిడుగు రాదు. తీగేమో నీ పెట్టెలో ఉండాది."

ఆయనకు సగం కూడా అర్థం కాలేదు. ఆ తాళంచెవిని ఆయన సంఘం అధ్యక్షుడికి కూడా ఇచ్చినవాడు కాదు. చేయి మొలతాడు మీదికి పోయి అక్కడే ఆగింది. జనం అంతా చూస్తున్నారు. ఓబులమ్మ తన మట్టిగడ్డతో ముందుకొచ్చింది.

"ఏమప్పా అంజినప్పా, సచ్చేటప్పుడు మొలతాడుతో పాటు దాన్ని గూడా ఎత్తకపోతావా? ఇయ్యి!"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో ఎర్రన్న చేయి కూడా గేటు మీదినుంచి దిగింది. అంజినప్ప పంచె సర్దుకుంటూ, పక్కకు తిరిగి, ముడి విప్పడానికి తంటాలు పడ్డాడు. వానకు తడిసిన ముడి ఎంతకూ రాలేదు. చివరికి పళ్లతో కొరకలేని చోట ఉన్న ముడి కాబట్టి ఎర్రన్నే తన కొడవలి అందించాడు. తాడు తెగింది. తాళంచెవి త్రివేణి చేతిలో పడింది.

పెట్టె తెరిచి, ఫోను తీగ పీకి, మోడెం మాత్రం వెలుగుతుండగా వదిలేసి, మెయిను ఆపి ఇన్వర్టరు మీద నడిపించింది. కంప్యూటరు దగ్గరికొచ్చి వైరు గుచ్చి, కుర్చీ అంచున ఆనుకుంది. పచ్చ లైటు. అంకెలు. ప్రోగ్రాము తెరుచుకుంది. ఇంకోసారి ఉరిమింది. ఆమె చేయి లేచింది. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

"పిలువు సార్," అంది, "ముందు ఓబులమ్మను పిలువు."

వాకిట్లో నిలబడి నేను పేర్లు పిలిచాను, బళ్లో హాజరు పిలిచినట్లే. ఆమె నంబరు చెప్పింది, వరస చెప్పింది. మూటలు కదిలాయి. ఇంజను చప్పుడు మారింది, కాయ పడుతున్న చప్పుడు. సాయంత్రానికి ముంగిలంతా వేరుశనగ పొట్టు. తెల్లారి లేచి చూస్తే ఊరి చుట్టూ చేలల్లో గొర్లు నడుస్తున్నాయి. పదును పోకముందే అందరి విత్తనాలూ నేలలో పడ్డాయి. ఆ తర్వాత ఆ ఏడు వాన మళ్లీ ఎప్పుడు మొహం చూపిందో, చేతికి ఏమొచ్చిందో, అది వేరే ఏడుపు. మా పంటల గురించి మొదలుపెడితే ఆగను.

వాన తగ్గాక విష్ణువర్ధన్‌తో ఆమె మాట్లాడటం విన్నాను. ఆ రెండు కంప్యూటర్లూ వెనక వైరుతో పనిలేకుండా లోపల్లోపలే మాట్లాడుకునే అమరిక ఇంకొకటి ఉందట, రెండు మీటలు నొక్కితే అయిపోతుందట. ముందే ఎందుకు పెట్టలేదని ఈమె కోప్పడింది. పనిచేస్తున్న కంప్యూటరు వైరు ఎవరైనా పీకుతారని తనకు తోచలేదన్నాడట అతను.

"మీ బెంగుళూరులో మబ్బొస్తే వైర్లు పీకరా?" అని అడిగింది.

పీకరన్నాడు.

"మరి ఎట్ల బతుకుతాండారన్నా?" అంది. హాస్యానికి కాదు, నిజంగానే అడిగింది.

ఆ అమరిక పెట్టింది. ఇప్పుడు వైరు ఉన్నా లేకున్నా ఆ డబ్బా పలుకుతుంది, ఫోను తీగతో మా మూటలకు పనేలేదు. అంజినప్ప కావాలంటే పెట్టెకు మళ్లీ తాళం వేసుకోవచ్చు. కొత్త మొలతాడు కట్టుకున్నాడు గానీ తాళంచెవి దానికి కట్టలేదు. అది త్రివేణి బల్ల పక్కన మేకుకు వేలాడుతోంది.

మొన్న మధ్యాహ్నం మబ్బు పట్టింది. నేను బెంచీ మీద పేపరు చదువుతున్నాను. త్రివేణి కుర్చీ అంచున ఆనుకుని, కిటికీ వైపు చూస్తూ, కాలు ఆడిస్తోంది. ఆమె లేవకముందే అంజినప్ప మేకు మీది తాళంచెవి తీసుకుని తన గదిలోకి పోయాడు. పెట్టె మూత చప్పుడైంది. లోపలినుంచి కేక వినిపించింది.

"పాపా, తీగ పీకినా! ఉండావా?"

"ఉండానన్నా!" అని ఆమె పలికింది.

కాలు ఆడించడం మాత్రం ఆపలేదు.